అడుగు కలిస్తే మాట ఎందుకు కలుస్తుంది?

చీపురుపల్లి దగ్గర మా పిన్ని వాళ్ల ఊళ్లో రామాలయం ముందు కాస్త ఖాళీ జాగా ఉంది. కోతలప్పుడు అది కళ్లం. సాయంత్రాలు కుర్రాళ్ల క్రికెట్ గ్రౌండు. రాత్రి ఎనిమిది దాటాక కోలాటం ప్రాక్టీసు. భోజనాలు కానిచ్చి, అంట్లు దొడ్లో పడేసి, సీరియల్‌ని మధ్యలో వదిలేసి ఆడవాళ్లు ఒక్కొక్కరే వస్తారు. కొంగు నడుముకి దోపుకుని, రెండు చేతుల్లో రెండు కోలలు పట్టుకుని నిలబడతారు. ఎదురుగా నిలబడి కోల కలిపే జతని ఉద్ది అంటారు. ఆ ఏడు శ్రీరామనవమికి జట్టు కడుతూ గురువుగారు మా పిన్నికి ఉద్దిగా పెట్టింది ఎవరినయ్యా అంటే, పక్కింటావిడని.

ఆ రెండిళ్లకీ మధ్య కాలవ నీళ్ల తగువు. వీళ్ల వాడుక నీళ్లు వాళ్ల గుమ్మం ముందు నిలవడం, వాళ్లు మట్టి అడ్డం వెయ్యడం, వీళ్లు తియ్యడం. మూడేళ్లుగా మాటల్లేవు, శుభకార్యాలకి పిలుపుల్లేవు. "నాకీ ఉద్ది వద్దు బాబూ, మార్చీండి" అని పిన్ని గురువుగారిని అడిగిందట. ఆయన వినలేదు. ఇద్దరి ఎత్తూ సరిపోయింది, ఆయన లెక్క అంతే.

మొదటివారం ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా కోలాటం ఆడారు. చూడకుండా కోల కలపడం ఎంత కష్టమో ఆడినవాళ్లకే తెలుస్తుంది. కోల కోలకి తగలాల్సింది వేలి కణుపుకి తగులుతుంది. రెండోవారంలో ఒక రాత్రి కోపు, అంటే అడుగుల వరస, మారేచోట పక్కింటావిడ తడబడితే మా పిన్ని నోట్లోంచి "ఎడమ, ఎడమ" అని వచ్చేసింది. మూడేళ్ల తరవాత మొదటి మాట అది. "ఇటా వదినా?" అని అవతలి నుంచి జవాబు. ఆ తరవాత నీళ్లు తాగే విరామంలో ఒకే చెంబు. నవమి నాటికి ఇద్దరూ కలిసి విజయనగరం వెళ్లి జట్టుకి చీరలు ఎంపిక చేసుకొచ్చారు.

కాలవ తగువు తీరలేదు. ఆ నీళ్లు ఇప్పటికీ అక్కడే నిలుస్తాయి. నాకు అర్థం కానిది అది కాదు. వీళ్లిద్దరూ పొదుపు సంఘం మీటింగులో నెలనెలా ఒకే చాప మీద కూర్చున్నారు. రేషన్ బియ్యం లైన్లో ఒకరి వెనక ఒకరు నిలబడ్డారు. ఒకే బోరింగు దగ్గర బిందెలు నింపారు. అప్పుడు కలవని మాట, రెండు కర్రముక్కలు పట్టుకుని గుండ్రంగా తిరిగితే ఎలా కలిసింది? "ఆట పాట కదండీ, సంతోషంగా ఉంటారు, అన్నీ మర్చిపోతారు" అంటారు ఎవర్ని అడిగినా. సంతోషమే కారణమైతే ఇద్దరూ పగలబడి నవ్విన సినిమాకి కూడా మాట కలవాలి. కలవలేదు. కాబట్టి కలిసి ఆడడంలో, కలిసి కూర్చోవడంలో లేనిది ఇంకేదో ఉంది.

ఈ ప్రశ్న పాతదే. ఫ్రాన్స్ సమాజశాస్త్రవేత్త ఎమిల్ దుర్ఖేమ్ 1912లోనే దీని మీద రాశాడు. ఆస్ట్రేలియా ఆదివాసుల గుమికూడికల వర్ణనలు చదివి, జనం ఒకచోట చేరి ఒకే పాట, ఒకే కదలికలో పడితే వాళ్లలో ఒక పొంగు వస్తుందని, ఆ పొంగునే మనుషులు దైవం అనుకుంటారని ఆయన వాదం. పొంగు వస్తుందన్న సంగతి పైడితల్లి అమ్మవారి సిరిమాను పండగ రోజున విజయనగరం మూడు లాంతర్ల దగ్గర ఒక్కసారి నిలబడ్డ ఎవరికైనా తెలుసు. డోలు దగ్గరపడుతుంటే రోమాలు నిక్కబొడుచుకుంటాయి. అయితే ఆ పొంగు ఒంట్లో ఎక్కడి నుంచి వస్తుందన్నది దుర్ఖేమ్ చెప్పలేదు. ఆ పని ఈ పాతికేళ్లలోనే మొదలైంది.

దానికి ముందు కోతుల దగ్గరికి వెళ్లాలి. లేదా మన అరుగుల దగ్గరికి, రెండూ ఒకటే. మధ్యాహ్నం పూట పల్లెటూళ్లో మెట్ల మీద ఒకరి వెనక ఒకరు కూర్చుని పేలు చూసుకునే ఆడవాళ్లని చూసే ఉంటారు. కూతురి తల తల్లి చేతిలో, తల్లి తల అత్త చేతిలో, అత్త తల ఎదురింటి ముసలమ్మ చేతిలో. పేలు దొరికేది కొన్నే, సమయం పట్టేది గంటలు. కోతులు కూడా ఇంతే. ఒంటి మీద పురుగు తియ్యడం సాకు, అసలు పని పొత్తు కుదుర్చుకోవడం. అలా జుట్టు సవరిస్తున్నప్పుడు ఒంట్లో ఎండార్ఫిన్లు అనే రసాయనాలు విడుదలవుతాయి. అవి శరీరం తనకి తాను తయారుచేసుకునే నొప్పి మందులు. తల నిమిరించుకుంటే కళ్లు మూతలు పడేది వాటి వల్లే. ఆ హాయిని ఇచ్చిన మనిషి మీద నమ్మకం కుదురుతుంది.

ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్త రాబిన్ డన్‌బార్ ఇక్కడొక లెక్క వేశాడు. తల నిమరడం ఒకేసారి ఒక్కరికే కుదురుతుంది. మనిషి గుంపులు పెద్దవి. అందరి తలలూ నిమురుతూ కూర్చుంటే తిండి సంపాదించేది ఎప్పుడు? కబుర్లు కూడా ఈ ఇబ్బందిని పూర్తిగా తీర్చవు. నలుగురు దాటితే కబురు రెండు ముక్కలైపోతుందని ఆయనే గమనించాడు. పెళ్లి భోజనాల దగ్గర చూడండి, అయిదో మనిషి వచ్చేసరికి కుర్చీలు రెండు గుంపులైపోతాయి. మరి ముప్ఫై మందిని ఒకేసారి "నిమరడం" ఎలా? కలిసి నవ్వడం, కలిసి పాడడం, కలిసి ఆడడం దానికోసమే పుట్టి ఉంటాయన్నది డన్‌బార్ ఆలోచన. పదహారు మంది ఆడవాళ్లు ఒకేసారి ఒకరికొకరు పేలు చూసుకోలేరు గానీ, పదహారు మందీ ఒకేసారి కోలాటం ఆడగలరు.

ఆలోచన బాగుంది, రుజువేది? మెదడులో ఎండార్ఫిన్లని నేరుగా కొలవడం తేలిక కాదు. రక్తం తీసి చూద్దామంటే, రక్తంలో ఉండే ఎండార్ఫిన్ మెదడులోకి దాటి వెళ్లదు. అందుకని పరిశోధకులు దొడ్డిదారి పట్టారు. ఎండార్ఫిన్ నొప్పి మందు కాబట్టి, ఆట తరవాత నొప్పి ఓర్చుకునే శక్తి పెరిగిందేమో చూస్తారు. బీపీ చూసేటప్పుడు చేతికి కట్టే పట్టీ ఉంది కదా, దానిలో గాలి నింపుతూ పోయి, ఇక చాలు అనేదాకా ఎంత ఒత్తిడి తట్టుకున్నారో రాసుకుంటారు. 2015లో బ్రోన్విన్ టార్, డన్‌బార్ తదితరులు బ్రెజిల్‌లో 264 మంది హైస్కూలు పిల్లల మీద ఇలాగే చేశారు. ముగ్గురేసి చొప్పున నిలబెట్టి, కొందరి చేత ఒకే అడుగులు ఒకేసారి వేయించారు, కొందరి చేత ఎవరి అడుగులు వాళ్లవి వేయించారు. మళ్లీ వాళ్లలో కొందరు ఒళ్లంతా ఊపి ఆడారు, కొందరు కూర్చుని చేతులు మాత్రమే కదిపారు.

ఫలితం నాకు ఆశ్చర్యంగా అనిపించింది. ఒళ్లు అలిసేలా ఆడితే నొప్పి ఓర్పు పెరిగింది, పక్కవాళ్ల మీద దగ్గరితనం పెరిగింది. ఒకేసారి అడుగు వేస్తే, ఒళ్లు పెద్దగా అలవకపోయినా, అప్పుడూ రెండూ పెరిగాయి. అంటే చెమటకి ఒక లెక్క, తాళానికి ఇంకో లెక్క. రెండూ విడివిడిగా పనిచేస్తాయి, రెండూ కలిస్తే ఇంకా మంచిది. మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడ కుర్చీలో కూర్చుని తాళం వేస్తూ కూడా జట్టులో మనిషైపోవడానికి కారణం ఇదేనేమో.

దీనికి ముందే, 2010లో, ఆక్స్‌ఫర్డ్ పడవ పందేల జట్టు మీద ఒక చిన్న ప్రయోగం జరిగింది. జిమ్ములో తెడ్డు వేసే యంత్రం మీద అదే కుర్రాళ్లు ఒంటరిగా ఒకసారి, జట్టుగా ఒకసారి అంతే శ్రమ చేశారు. శ్రమ సమానమే అయినా, జట్టుగా వేసినప్పుడు నొప్పి ఓర్పు బాగా ఎక్కువ కనిపించింది. ఇది చదివినప్పుడు నాకు భావనపాడు, కళింగపట్నం ఒడ్డున పెద్దవల లాగేవాళ్లు గుర్తొచ్చారు. తాడు భుజాన వేసుకుని, పాటకి ఒకే ఊపులో వెనక్కి వాలుతూ గంటల తరబడి లాగుతారు. ఆ పాట లేకుండా లాగమంటే సగం దూరానికే కూలబడతారు. పాట శ్రమని మరిపిస్తుందని మనవాళ్లు ఎప్పుడూ అనేదే. మరిపించేది పాట మాటలు కావు, అందరి నడుములూ ఒకేసారి వాలడం.

అయితే హాయి ఒక్కటే సరిపోదు. పక్కింటావిడ మీదే ఆ హాయి ఎందుకు వాలాలి? రామాలయం గోడ మీద ఎందుకు వాలదు? ఇక్కడ మెదడు ఇంకో పొరపాటు చేస్తుంది, మంచి పొరపాటే.

1998లో ఇద్దరు శాస్త్రవేత్తలు ఒక తమాషా ప్రయోగం చేశారు. మనిషిని బల్ల ముందు కూర్చోబెట్టి, అతని చేతిని అడ్డుతెర వెనక దాచారు. కళ్లముందు రబ్బరు చెయ్యి పెట్టారు. రెండు బ్రష్షులు తీసుకుని దాచిన చేతినీ, రబ్బరు చేతినీ ఒకేసారి, ఒకే లయలో నిమిరారు. కాసేపటికి ఆ మనిషికి రబ్బరు చెయ్యి తనదే అనిపించడం మొదలైంది. బ్రష్షులు ముందూవెనకా అయితే ఆ భ్రమ బలపడదు. ఇది నాది, అది నాది కాదు అని మెదడు వేసే లెక్క చాలావరకు సమయం మీద ఆధారపడుతుందన్నమాట. నేను అనుభవిస్తున్నదీ, నేను చూస్తున్నదీ ఒకేసారి జరిగితే, రెంటికీ ఒకటే యజమాని అని మెదడు రాసేసుకుంటుంది.

ఇప్పుడు కోలాటానికి రండి. నా చెయ్యి లేస్తున్న క్షణానే ఎదుటావిడ చెయ్యి లేస్తుంది. నా కాలి గజ్జె, ఆవిడ కాలి గజ్జె ఒకే చప్పుడు. మోగేది నా కోలో ఆవిడ కోలో చెప్పలేం, ఎందుకంటే రెండూ తగిలితేనే అది మోగుతుంది. ఇలా ఓ గంట జరిగితే నేను, ఆవిడ అన్న గీత కొంచెం చెరుగుతుంది. పూర్తిగా కాదు, కొంచెం. రబ్బరు చేతినే తనదనుకునే మెదడు, పక్కింటావిడని "మనావిడే" అనుకోవడం పెద్ద విశేషమా?

ఇది పెద్దయ్యాక నేర్చుకునేదీ కాదు. కెనడాలో మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంవాళ్లు 14 నెలల పిల్లలతో చేసిన ప్రయోగం 2014లో అచ్చైంది. బిడ్డని ఒకరు ఎత్తుకుని పాటకి ఊపుతారు. ఎదురుగా ఇంకొకామె కూడా ఊగుతుంది, కొందరు పిల్లలతో సరిగ్గా అదే లయలో, కొందరితో లయ తప్పి. తరవాత ఆమె చేతిలోంచి వస్తువు పొరపాటున జారినట్టు కింద పడేస్తుంది. తనతో లయ కలిపి ఊగిన ఆమెకి పిల్లలు ఎక్కువసార్లు ఆ వస్తువు తీసి ఇచ్చారు. మాటలు రాని పసివాళ్లు, పేరు తెలియని మనిషి. ఊగడం ఒక్కటే పరిచయం.

ఇక్కడిదాకా విన్నవాళ్లు, అయితే అందరూ ఒకే అడుగు ఒకేసారి వేస్తే చాలన్నమాట అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను, ఒక రాత్రి జట్టులో మనిషి తక్కువై నన్ను నిలబెట్టేదాకా. కోల ఎక్కడ పడుతుందో చూసుకుంటూ ఆడాను. పది నిమిషాల్లో రెండు వేళ్లు వాచాయి. "బాబూ, కోలని చూడకు, మనిషిని చూడు" అంది ఎదురు నిలబడ్డ ఒక పెద్దావిడ. నిజమే, కోల ఎక్కడికి వస్తుందో భుజమే ముందు చెప్తుంది. ఆవిడ అరక్షణం ఆలస్యమైతే నేనూ ఆగాలి, నేను తొందరపడితే ఆవిడ సర్దుకోవాలి. తాళం పైనుంచి వస్తుంది గానీ, కోల కలవడం మా ఇద్దరి మధ్య తేలాల్సిన సంగతి. కవాతులో ఈ బేరం ఉండదు. అక్కడ అందరూ ఒక్క గొంతుకే అడుగు వేస్తారు, పక్కవాడిని చూడక్కర్లేదు.

2018లో లండన్‌లో కొందరు పరిశోధకులు నాట్యంలో శిక్షణ లేని మామూలు మనుషుల చేతికి కదలికల్ని కొలిచే పరికరాలు కట్టి గుంపుగా ఆడించారు. తమ గుంపు తమకి ఎంత నచ్చిందో అడిగారు. అందరూ ఒకే కదలిక ఒకేసారి చేసిన లెక్కకన్నా, ఒకరి కదలిక ఇంకొకరికి, వారిది మరొకరికి అందుతూ గుంపంతా పాకిన సర్దుబాటే ఇష్టాన్ని ఎక్కువగా సూచించింది. ఆ మాట మనకి కొత్తగా చెప్పక్కర్లేదు. జడ కోలాటం చూసినవాళ్లకి అది కంటిముందే ఉంది.

జడ కోలాటం ఎలా ఉంటుందంటే, పైన ఒక దూలానికో చెట్టు కొమ్మకో తాళ్లు కట్టి వేలాడదీస్తారు. రంగురంగుల తాళ్లు, మనిషికొకటి. తాడు కొస ఒక చేతిలో, కోల ఇంకో చేతిలో. సగం మంది ఎడమకి, సగం మంది కుడికి కదులుతారు. ఎదురొచ్చిన మొదటి మనిషికి లోపలి నుంచి, రెండో మనిషికి వెలుపలి నుంచి, మళ్లీ లోపల, మళ్లీ వెలుపల. ఇలా తిరుగుతుంటే తలల మీద తాళ్లు జడలా అల్లుకుంటూ కిందికి దిగుతాయి. పాట సగానికి వచ్చేసరికి అల్లిక మనిషి ఎత్తుకి వస్తుంది. అప్పుడు గురువు ఈల వేస్తే అందరూ వెనక్కి తిరిగి అదే దారిలో అల్లిక విప్పాలి.

ఒక్కరు లోపలికి వెళ్లాల్సినచోట వెలుపలికి వెళ్లారనుకోండి, అల్లిక అక్కడ ముడి పడుతుంది. వెంటనే తెలియదు. నాలుగైదు అడుగుల తరవాత తాళ్లు బిగుసుకుంటాయి. అప్పుడు ఆట ఆపి తప్పు ఎక్కడ జరిగిందో వెతకాలి. మా పిన్ని జట్టు ప్రాక్టీసులో నేను చూసింది ఇదే. పదహారు మందీ కదలకుండా తాడు పట్టుకుని నిలబడ్డారు. ఒకావిడ పైకి చూసి, "నీలం తాడు పసుపు మీంచి రావాలి, కిందనుంచి వచ్చింది" అంది. నీలం తాడు పట్టుకున్న అమ్మాయి కొత్త కోడలు, ఊరికి వచ్చి మూడు నెలలు. సిగ్గుతో తల దించుకుంది. అందరూ ఆ అమ్మాయి కోసం నాలుగు అడుగులు వెనక్కి వేశారు, ఎవరి అడుగు వాళ్లు లెక్కపెట్టుకుంటూ. ముడి వీడింది. "నాకు మొదటి ఏడు ఏడుసార్లు ముడి పడింది" అని ఎవరో అన్నారు. ఆ రాత్రి తరవాత ఆ అమ్మాయిని కోడలా అని కాకుండా పేరుతో పిలవడం మొదలుపెట్టారు.

మంచి ఆట కన్నా తప్పిన ఆటే ఎక్కువ కలుపుతుందని నా అనుమానం. ప్రయోగశాలలో పావుగంటలో ఇది బయటపడదు. రెండు నెలల ప్రాక్టీసులో పడుతుంది. తప్పు బయటపడుతుంది, తప్పు ఎవరిదో అందరికీ తెలుస్తుంది, దాన్ని అందరూ కలిసి వెనక్కి నడిచి సరిచేస్తారు. పొదుపు సంఘంలో తప్పు చేస్తే అప్పు, జట్టులో తప్పు చేస్తే నవ్వు.

మన ఉత్తరాంధ్రలో ఒక్కో ఆట ఈ పనిని ఒక్కో రకంగా చేస్తుంది. అరకు నుంచి సాలూరు, పాచిపెంట కొండల దాకా గిరిజనులు ఆడే థింసాలో చేతులు వీపు వెనకగా కలుపుకుని గొలుసులా నిలబడతారు. పక్కమనిషి బరువు తన నడుము మీద తెలుస్తుంది. ఎవరైనా తూలితే గొలుసే నిలబెడుతుంది. కాబట్టి కొత్తగా వచ్చినవాళ్లు అడుగు నేర్చుకోనక్కర్లేదు, గొలుసులో దూరితే చాలు, అడుగు అదే వస్తుంది. థింసాల్లో రకాలున్నాయి. ఆకులు ఏరడం చూపించేది ఒకటి, పులి నుంచి తప్పించుకోవడం చూపించేది ఒకటి, కుండ థింసాలో భుజాలతో ఒకరినొకరు తోసుకుంటారు. తోపులాట కూడా తాళంలో ఉంటే చనువే.

తప్పెటగుళ్లు దీనికి పూర్తిగా వేరు. యాదవులు ఎక్కువగా ఆడే మగవాళ్ల ఆట ఇది. రేకుతో చేసిన గుండ్రటి తప్పెటని గుండె మీద కట్టుకుని, అరచేతులతో వాయిస్తూ, గజ్జెల కాళ్లతో ఎగురుతూ, పాట అందుకుంటూ, చివరికి ఒకరి భుజాల మీద ఒకరు ఎక్కి నిలబడతారు. ఇందాక చెప్పిన ప్రయోగంలో శ్రమ, తాళం అని రెండు విడివిడి మందులు అన్నాను కదా, ఇది రెండింటినీ ఒకే గుక్కలో మింగించే ఆట. పైగా మీద ఎక్కినవాడి ప్రాణం కింద ఉన్నవాడి మోకాళ్ల మీద ఉంటుంది. ఇంతకన్నా నమ్మకపు పత్రం ఏం కావాలి?

చూసేవాళ్ల సంగతేమిటి? అందరూ ఆడరు కదా. స్పెయిన్‌లో సాన్ పెద్రో మాన్రికే అనే ఊళ్లో ఏటా నిప్పుల మీద నడిచే పండగ ఉంది. 2011లో అచ్చైన ఒక అధ్యయనంలో నడిచేవాళ్లకీ, చూసేవాళ్లకీ గుండె చప్పుడు కొలిచే పరికరాలు కట్టారు. నడిచేవాడి గుండె వేగం, చూస్తున్న చుట్టాలూ స్నేహితుల గుండె వేగంతో కలిసి ఎగసిపడింది. పొరుగూరి నుంచి చూడడానికి వచ్చినవాళ్ల గుండెతో కలవలేదు. చూస్తే చాలదు, నడిచేవాడు మనవాడై ఉండాలి.

ఈ ముక్క మన జిల్లాలకి బాగా అతుకుతుంది. ఇక్కడ చాలా ఇళ్లలో ఒకరైనా వలసలో ఉంటారు. హైదరాబాద్ అపార్ట్‌మెంట్ల దగ్గర వాచ్‌మెన్‌గా, చెన్నైలో తాపీ పనికి, శ్రీకాకుళం మత్స్యకారులైతే గుజరాత్‌లో వేరావల్ దాకా. వాళ్లు సంక్రాంతికి వచ్చినా రాకపోయినా అమ్మవారి పండగకి మాత్రం వస్తారు. మా వైపు పండగ అంటే అదే, కొన్ని ఊళ్లలో మూడేళ్లకోసారి, కొన్నిచోట్ల అయిదేళ్లకోసారి. అయిదేళ్లు ఊళ్లో లేని కుర్రాడికి ఊరితో మళ్లీ పరిచయం ఎలా? ఇంటింటికీ వెళ్లి కబుర్లు చెప్తే వారం పడుతుంది, పైగా జీతమెంత అన్న ప్రశ్న దగ్గరే కబురు ఆగిపోతుంది. డప్పు ముందు ఓ గంట ఎగిరితే చాలు, చెమట పట్టేసరికి వాడు మళ్లీ ఊరివాడు. ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుంటుంటే తల్లి అడుగుతుంది, "ఏటిరా, ఆ కాలు ఎప్పుడు నేర్సుకున్నావు?" అని. నేర్చుకోలేదు, చిన్నప్పుడే ఎక్కింది.

డీజే పెట్టెల్ని తిట్టడం ఈ మధ్య ఫ్యాషన్. నేను ఆ జట్టులో చేరను. డీజే ముందు చెమట ఉంది, ఊపు ఉంది, లేనిది ఎదుటి మనిషితో బేరం. ఎవరి ఆట వారిది, ఒక చేతిలో ఫోను. 2016లో చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టి ఆడించిన ఒక ప్రయోగంలో తేలింది అదే. ఒకే గదిలో ఉన్నా, ఒకే అడుగులు ఒకేసారి వేసినవాళ్లకే దగ్గరితనం ఎక్కువ పెరిగింది. అయితే అదే డీజే ముందు పెళ్లికూతురి స్నేహితురాళ్లు వారం రోజులు డాబా మీద ప్రాక్టీసు చేసిన ఒక సినిమా స్టెప్పుని వరసలో నిలబడి వేస్తే, అది కోలాటానికి చెల్లెలే. పాట పాతదా కొత్తదా అన్నది మెదడుకి అనవసరం.

ఇంతవరకు మంచే చెప్పాను. ఇదే మందు ఇంకోరకంగానూ పనిచేస్తుంది. చరిత్రకారుడు విలియం మెక్‌నీల్ 1941లో అమెరికా సైన్యంలో చేరితే టెక్సాస్‌లో తగినన్ని ఆయుధాలు లేక గంటల కొద్దీ కవాతు చేయించారట. పనికిమాలిన ఆ కవాతులో తానేదో పెద్దగా అయిపోయినట్టు, అందరిలో కలిసిపోయినట్టు హాయి కలిగిందని ఆయన చాలా ఏళ్ల తరవాత రాశాడు. సైన్యాలు ఆ హాయిని ఊరికే వాడుకోవు. 2012లో స్కాట్ విల్టర్‌మత్ అనే పరిశోధకుడు ఇంకో అడుగు ముందుకేశాడు. తనని నడిపించినవాడితో అడుగు కలిపి నడిచినవాళ్లు, అతను చిన్న పురుగుల్ని చంపే యంత్రంలో వెయ్యమంటే, మామూలుగా నడిచినవాళ్లకన్నా ఎక్కువ పురుగుల్ని వేశారు. అడుగు కలిసినవాడి మాట కాదనడం కష్టం. ఎవరు ఆడిస్తున్నారన్నది చూసుకోవాలి.

వలయానికి లోపల ఉన్నట్టే వెలుపల కూడా ఉంటుంది. మా పిన్ని జట్టులో పదహారు మందీ ఒకే వీధివాళ్లు. ఆ వీధి అంటే ఏమిటో పల్లెటూళ్లో పెరిగినవాళ్లకి చెప్పక్కర్లేదు. కాలనీలో వేరే జట్టు ఉంది, వేరే గురువు, వేరే రంగు చీరలు. నవమి పందిట్లో రెండు జట్లూ ఆడాయి, ఒకదాని తరవాత ఒకటి. రెండు జట్లలోనూ లోపలి మనుషులు ముందుకన్నా దగ్గరయ్యారు. జట్టుకీ జట్టుకీ మధ్య దూరం ముందు ఎంతో ఇప్పుడూ అంతే, కొంచెం పెరిగిందేమో కూడా, ఎవరికి చప్పట్లు ఎక్కువ పడ్డాయన్న లెక్క వల్ల. కలిసి ఆడడం మనుషుల్ని కలుపుతుందన్న మాట నిజమే. ఎవరితో కలిసి ఆడాలన్నది మాత్రం ఎండార్ఫిన్ చెప్పదు. అది ఊరు ముందే తేల్చి ఉంచుతుంది. జట్లని కట్టేటప్పుడు కులమూ వీధీ చూడకుండా, మా పిన్ని గురువుగారిలా ఎత్తు మాత్రమే చూసి ఉద్దుల్ని పెట్టేవాడెవడైనా ఉంటే ఏమవుతుందో చూడాలని నాకుంది.

మొన్న పిన్నికి ఫోన్ చేశాను, ఈ ఏడు ప్రాక్టీసు మొదలైందా అని. రెండు రోజులుగా వెళ్లడం లేదంది. ఒంట్లో బాగాలేదా అంటే, "నాకేటి, బాగానే ఉన్నాను. వదినకి జొరం. ఉద్ది నేకుండా ఎల్లి ఏటి సెయ్యను?" అంది. కాలవ సంగతి అడిగాను. "అది అలగే ఉంది. జొరం తగ్గనీ, అప్పుడు దెబ్బలాడుకుంతాం."